పాత బ్యాటరీ ఎవరికి అమ్మాలి? సీసం మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇన్వర్టర్ల గురించి రాస్తూ సీసం పేరెత్తాం, అంతే, ఉత్తరాలు వరసపెట్టి వచ్చాయి. సగం మంది భయపడుతూ రాశారు, మిగతా సగం మంది ‘లిథియం రోజుల్లో ఇంకా ఈ పాత లోహం గోలేంటి’ అని విసుక్కుంటూ రాశారు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం సీసానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది. కొత్తది కొంటే పాతదానికి షాపువాళ్లు కొంత తగ్గిస్తామన్నారు. వీధిలో తిరిగే పాత సామాన్లతను అంతకన్నా ఎక్కువ ఇస్తానంటున్నాడు. అతనికే ఇచ్చేస్తే తప్పేముంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అతను ఎక్కువ ఎలా ఇవ్వగలుగుతున్నాడు? అది ఆలోచించండి ముందు. మీ ఇంట్లో మూలన ఉన్నది యాభై అరవై కిలోల డబ్బా. బరువు లెక్కన అందులో సగానికి పైగా సీసమే, మిగతాది ప్లాస్టిక్ పెట్టె, సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు. సీసానికి ప్రపంచమంతా ఒక రేటుంది, లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో కొన్నేళ్లుగా టన్ను 2 వేల డాలర్లకు కాస్త అటూ ఇటూగా నడుస్తోంది. కాబట్టి ఆ డబ్బా చెత్త కాదు, డబ్బు. ఎవరు కొన్నా చేతికొచ్చే సీసం ఇంచుమించు అంతే, తేడా అంతా దాన్ని బయటికి తీయడానికి ఎవరెంత ఖర్చు పెడుతున్నారన్న దాంట్లో ఉంది.

పద్ధతిగా నడిచే రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో మూసి ఉన్న యంత్రంలో బ్యాటరీని ముక్కలు చేస్తారు. ముక్కల్ని నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ తేలుతుంది, సీసం మునుగుతుంది. ప్లాస్టిక్ మళ్లీ బ్యాటరీ డబ్బాలకే పోతుంది. ఆసిడ్‌ను విడిగా పట్టి దాని ఘాటు విరిచేస్తారు. ప్లేట్లకు పట్టి ఉన్న మెత్తటి ముద్దలో ఎక్కువగా ఉండేది లెడ్ సల్ఫేట్, కొన్ని ఫ్యాక్టరీలు దాన్ని సోడా యాష్‌తో కలిపి గంధకాన్ని ముందే తీసేస్తాయి, అలా వచ్చే సోడియం సల్ఫేట్‌ను డిటర్జెంట్ల వాళ్లు, గాజు వాళ్లు కొనుక్కుంటారు. తర్వాత కొలిమి, దాదాపు వెయ్యి డిగ్రీల వేడి. అక్కడి పొగ మొత్తం బ్యాగ్ ఫిల్టర్ల గుండా పోవాలి, అవి ఊరికే రావు, నడపడానికి కరెంటు, మార్చడానికి డబ్బు. చివర్లో శుద్ధి చేసి దిమ్మలు పోస్తారు. ఆ దిమ్మ గనిలోంచి వచ్చిన సీసానికి ఏమాత్రం తీసిపోదు, ఎన్నిసార్లయినా ఇలాగే తిప్పుకోవచ్చు. ప్రపంచంలో ఏటా తయారయ్యే సీసంలో సగానికి పైగా ఇలా పాత సరుకు నుంచి వచ్చిందే. అమెరికాలోనైతే ఖనిజం నుంచి సీసం తీసే చివరి స్మెల్టర్‌ను, మిస్సోరీ రాష్ట్రంలో హెర్క్యులేనియం అనే ఊళ్లో ఉన్నదాన్ని, 2013 చివర్లో మూసేశారు, ఇప్పుడు అక్కడ శుద్ధి చేసే సీసమంతా పాత బ్యాటరీలదే. ఇంత బాగా తిరిగి వాడుకోగలిగే వస్తువు మన ఇళ్లల్లో ఇంకొకటి చూపించండి చూద్దాం.

ఇక రెండో దారి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అదే దాని సుగుణం, కొంప ముంచేదీ అదే. ఒక గొడ్డలి, మూకుడు, బొగ్గులు ఉంటే ఊరి చివర ఖాళీ స్థలంలో ఎవరైనా మొదలుపెట్టేయొచ్చు. ఆసిడ్ నేల మీదికి పారబోస్తారు, అందులో కరిగిన సీసం, ప్లేట్ల నుంచి రాలిన పొడి కూడా దాంతోపాటే మట్టిలోకి వెళ్తాయి. పొగ చుట్టుపక్కల ఇళ్ల మీద పడుతుంది. ఫిల్టర్ లేదు, మాస్కు లేదు, రిజిస్టర్ లేదు, ఆ మిగులుబాటులోంచే మీకు ఆ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తున్నాయి. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో థియారాయ్ అనే చోట పాత బ్యాటరీల పని ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. 2007లో సీసం రేటు ఆకాశానికంటేసరికి జనం ఆ మట్టిని తవ్వుకుని ఇళ్లకు తెచ్చి, సీసం ముక్కల కోసం జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. 2007 చివరి నుంచి 2008 మార్చి మధ్య ఆ ఒక్క పేటలో 18 మంది పిల్లలు చనిపోయారు.

మన దగ్గర చట్టం లేక కాదు. 2001లోనే బ్యాటరీల నిబంధనలు వచ్చాయి, వాటి స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చారు. బ్యాటరీ తయారుచేసి అమ్మినవాడే పాతవాటిని వెనక్కి తెప్పించి రీసైకిల్ చేయించే బాధ్యత మోయాలన్నది వాటి సారాంశం. వాడిన మనకూ ఒక పని పెట్టారు: పాత బ్యాటరీని మామూలు చెత్తలో కలపకుండా, సేకరణ, రీసైక్లింగ్ చేసేవాళ్లకు అప్పగించాలి.

షాపులో ఇచ్చినా అది కచ్చితంగా మంచి ఫ్యాక్టరీకే చేరుతుందని నేను హామీ ఇవ్వలేను, కొన్ని షాపుల వెనక తలుపు కూడా ఆ పాత సామాన్ల లారీకే తెరుచుకుంటుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ అనలేం, లాస్ ఏంజిల్స్ పక్కన వెర్నాన్‌లో ఓ పెద్ద బ్యాటరీ రీసైక్లింగ్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చుట్టూ వేల ఇళ్ల పెరళ్లలో మట్టిని పరీక్షించి, తవ్వి మార్చే పని పెట్టుకోవాల్సి వచ్చింది. అయినా కంపెనీ డీలర్ దగ్గర ఇచ్చి, బిల్లు మీద పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకుంటే ఆ సరుకు లెక్కలోకి వస్తుంది. లెక్కలో ఉన్న సరుకు గురించి రేపు ఎవరైనా అడగొచ్చు. గొడ్డలితో పగలగొట్టిన దాని గురించి అడిగే దిక్కుండదు. ఇంకో మాట, ఎవరికిచ్చినా ఆసిడ్‌తో సహా ఇవ్వండి, బరువు తగ్గుతుందని ఇంటి ముందు మురుగుకాలవలో ఒంపేయకండి.

ప్రశ్న: బ్యాటరీలో మట్టం తగ్గితే ఆసిడ్ పోయాలా, నీళ్లు పోయాలా? మా మెకానిక్ ఆసిడ్ పోస్తే పికప్ పెరుగుతుందంటాడు.
— ఆటో నడిపే పాఠకుడు, ఖమ్మం

జవాబు: డిస్టిల్డ్ వాటరే. ఛార్జింగ్‌లో తగ్గేది నీళ్లే, ఆసిడ్ లోపలే ఉంటుంది. పైనుంచి ఇంకా ఆసిడ్ పోస్తే నాలుగు రోజులు హుషారుగా ఉన్నట్టనిపించి ప్లేట్లు తొందరగా తినేసుకుపోతాయి. బండి పడి ఆసిడ్ ఒలికిపోయుంటే తప్ప దాని జోలికెళ్లొద్దు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు కూడా వద్దు. ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, ఆ సమయంలో పక్కన బీడీ ముట్టించకండి.

ప్రశ్న: సీసం బ్యాటరీలకు కాలం చెల్లిందని, ఇంకో పదేళ్లలో కనిపించవని మా క్లాసులో చెబుతున్నారు. క్లీన్ ఎనర్జీలో సీసానికి నిజంగా చోటుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే ఈ బ్యాటరీని చేసింది 1859లో. అప్పటి నుంచి దీనికి కాలం చెల్లిందని చాలామందే చెప్పుంటారు. కానీ మీ సార్ చెప్పిన దాంట్లో సగం నిజముంది, అదేంటో చూద్దాం.

సీసం బ్యాటరీ కిలో బరువుకు 30 నుంచి 40 వాట్ అవర్ల దాకా దాచుకుంటుంది. లిథియం అయితే 150 దాటి పోతుంది. కాబట్టి ఎలక్ట్రిక్ స్కూటర్లను, కార్లను నడిపించే పనిలో పోటీ ఎప్పుడో ముగిసింది. దానికి తోడు సీసం బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే తొందరగా చచ్చిపోతుంది, సగం దాకా వాడి మళ్లీ నింపుకుంటూ పోతేనే ఎక్కువకాలం వస్తుంది. టెక్సాస్‌లో నోట్రీస్ అనే చోట గాలిమరల విద్యుత్తును నిల్వచేయడానికి 36 మెగావాట్ల మెరుగుపరిచిన సీసం బ్యాటరీలు పెట్టారు, అప్పట్లో పెద్ద విశేషం, కొద్ది ఏళ్లకే వాటిని తీసేసి లిథియం పెట్టుకున్నారు. గ్రిడ్ స్థాయి నిల్వలో సీసం ఓడిపోయిందనే నా అభిప్రాయం. మన నంద్యాల జిల్లా పిన్నాపురంలో చూడండి, సోలార్ కరెంటు నిల్వకు అక్కడ బ్యాటరీ ఊసే లేదు, నీళ్లను పైకి తోడి కిందికి వదిలే 1680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టారు.

మరి సీసం ఎక్కడ నిలబడింది? బరువుతో పనిలేని చోట, ఎప్పుడో ఒకసారి మాత్రమే కరెంటు ఇవ్వాల్సిన చోట. ఆస్పత్రి యూపీఎస్, బ్యాంకు, టెలిఫోన్ టవర్, సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్. రోజంతా ఛార్జింగ్‌లో కూర్చుని ఆ పది నిమిషాల కోసం ఎదురుచూసే ఉద్యోగం అది, సీసం దానికి బాగా సరిపోతుంది, ధర కూడా తక్కువ. ఎలక్ట్రిక్ కార్లలోనూ చాలా మోడళ్లలో లైట్లకు, తాళాలకు, కంప్యూటర్‌కు ఒక చిన్న 12 వోల్టుల సీసం బ్యాటరీ ఇంకా ఉంది, బానెట్ తెరిచి చూడండి. ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకుని గ్రిడ్‌కు కలుపుకునేవాళ్లకు మాత్రం బ్యాటరీ అవసరమే లేదు, అమ్మకందారు బలవంతంగా అంటగడితే ఎందుకని అడగండి.

మీ ఊరి పక్కనే ఉదాహరణ ఉంది. 1985లో మొదలైన అమరరాజా కరకంబాడి నుంచి సీసం బ్యాటరీలతోనే దేశమంతా తెలిసింది. అదే కంపెనీ 2023లో పేరులోంచి బ్యాటరీస్ తీసేసి ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పెట్టుకుంది, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ పనులు చేపట్టింది, ఇంకోవైపు తమిళనాడులోని చెయ్యార్‌లో పాత సీసం బ్యాటరీల రీసైక్లింగ్ ప్లాంటూ పెట్టింది. పందెం రెండు వైపులా కాస్తున్నారంటే వాళ్లకు సీసం రేపే పోతుందన్న నమ్మకం లేదనేగా.

లిథియం వాళ్లు సీసం దగ్గర నేర్చుకోవాల్సిందొకటుంది. సీసం బ్యాటరీ ఏ కంపెనీదైనా లోపల ఒకటే సరుకు, అందుకే విప్పడం, కరిగించడం తేలిక, లాభం కూడా. లిథియంలో ఒక్కో రకానికి ఒక్కో కెమిస్ట్రీ, కొన్నింటిలో ఖరీదైన కోబాల్టు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, విప్పేటప్పుడు మంటలంటుకునే ప్రమాదం వేరే. ఇంకో చిక్కు కూడా చెప్పాలి. సీసం బ్యాటరీలతో తిరిగే ఈ-రిక్షాలు ఉత్తరాదిలో లక్షల్లో ఉన్నాయి, రోజూ అడుగంటా వాడతారు కాబట్టి అవి తొందరగా మార్చాల్సి వస్తుంది. పొగ రాని బండే, ఒప్పుకుంటాను, కానీ ఆ బ్యాటరీలన్నీ ఎక్కడ కరుగుతున్నాయో చూడకుండా దాన్ని క్లీన్ అనడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఒకప్పుడు సీసం గని ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజమేనమ్మా. ఇప్పుడు పల్నాడు జిల్లా కిందికొచ్చే అగ్నిగుండాల ప్రాంతంలో బండలమొట్టు దగ్గర సీసం, ఆ చుట్టుపక్కల కొండల్లో రాగి ఖనిజం ఉన్నాయి. బండలమొట్టు గనిని హిందుస్థాన్ జింక్ నడిపింది, తర్వాత మూసేశారు. అదే సంస్థకు మీ విశాఖలోనూ స్మెల్టర్ ఉండేది, మింది వైపు పాతవాళ్లనడిగితే జింక్ ఫ్యాక్టరీ అంటూ మొదలుపెడతారు. అదీ మూతపడింది.

ఇప్పుడు దేశంలో తవ్వే సీసం ఖనిజం దాదాపు అంతా రాజస్థాన్‌దే, రాంపురా ఆగుచా, దరీబా, జావర్. సీసం ఖనిజమైన గెలీనాలో వెండి కూడా కొంత కలిసి ఉంటుంది, మన దేశంలో తీసే వెండిలో ఎక్కువ భాగం ఈ సీసం, జింకు గనుల చలవే. మీ పట్టీల్లో వెండికి, ఇన్వర్టర్లో సీసానికి పుట్టిల్లు ఒకటే కావచ్చన్నమాట.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. రెండేళ్ల పాపకు రక్తపరీక్ష చేస్తే సీసం 4.8 వచ్చింది. ఇంట్లో ఏ వంటపాత్రలు వాడతారు, కుంకుమ పెడతారా, కాటుక పెడతారా అని నర్సు వరసగా అడుగుతుంటే నాకు టెన్షన్‌తో పాటు కోపం కూడా వచ్చింది. మన అలవాట్లన్నీ విషమా?
— ఒక తల్లి

జవాబు: కోపం రావడం సహజం, కానీ ఆవిడ అడగాల్సినవే అడిగింది. న్యూజెర్సీలో ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ల వయసులో ఒకసారి పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలన్నది అక్కడి నిబంధన, మీరు తెలుగువాళ్లని చేయలేదు. అంకె సంగతి: అమెరికాలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకమంటారు, 2021 దాకా ఆ గీత 5 దగ్గర ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ 5 అంటోంది, అయితే సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని కూడా అదే చెబుతోంది. మందులతో సీసాన్ని బయటికి లాగే చికిత్స సాధారణంగా 45 దాటాక, మీ పాప ఆ దరిదాపుల్లో కూడా లేదు. మూలం కనిపెట్టి ఆపితే అంకె దానంతటదే దిగుతుంది, రక్తంలో సీసం ఒక నెలా నెలన్నరలో సగానికి తగ్గుతుంది.

ఎక్కడ వెతకాలి? మొదట ఇల్లు. 1978కి ముందు కట్టిందయితే కిటికీల పాత రంగు, ఆ రంగు దుమ్ము. ఆ తర్వాత మన సామాన్లు. నారింజరంగు సింధూరంలో కొన్నిచోట్ల రెడ్ లెడ్ అనే సీసపు ఆక్సైడే కలుపుతారు, పాప చేతికి అందకుండా పెట్టండి, దాని నుదుటన పెట్టడం మానేయండి. సుర్మా, కొన్ని బజారు కాటుకలు గెలీనా పొడితో చేస్తారు, ఇంట్లో నెయ్యి దీపం మసితో పట్టిన కాటుక అలాంటిది కాదు, అయినా ఈ వయసులో కళ్లకు ఏమీ పెట్టకపోవడమే మేలు. ఊరి నుంచి వచ్చిన భస్మాలు, పేరులేని పసరు మందులు ఉంటే పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. వంటపాత్రల్లో ఇత్తడితో పాటు హిండాలియం గిన్నెలు కూడా చూడండి, ఇలా దిగుమతైన కొన్ని గిన్నెల నుంచి సీసం వంటలోకి దిగుతోందని అమెరికా ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. అమ్మమ్మ సూట్‌కేసులో మోసుకొచ్చిన గిన్నె కావచ్చు, మనసొప్పదు, తెలుసు, కానీ దాన్ని షోకేసులో పెట్టుకోవచ్చుగా.

పసుపు గురించి వేరేగా చెప్పాలి. మంచి రంగు కోసం లెడ్ క్రోమేట్ పట్టించే పాడు అలవాటు బంగ్లాదేశ్‌లో బాగా ఉండేది, పరిశోధకులు బయటపెట్టాక 2019లో ప్రభుత్వం దాడులు చేసింది, రెండేళ్లలో మార్కెట్ పసుపులో అది దాదాపు మాయమైంది. కాబట్టి తలచుకుంటే ఆపొచ్చని తేలింది. కొమ్ములు కొని పట్టించుకుంటే భయం లేదని మనవాళ్లంటారు, నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ రంగు పట్టించేది కొమ్ములకు పాలిష్ పెట్టేటప్పుడే. మిరుమిట్లు గొలిపే కొమ్ము కన్నా మట్టిరంగు కొమ్మే నయం. ఊరి నుంచి తెచ్చుకున్న పసుపును అక్కడ ల్యాబ్‌లో పరీక్ష చేయించొచ్చు, మీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌ను అడగండి.

పాపకు ఇనుము, కాల్షియం సరిగ్గా అందేలా చూడండి. అవి తక్కువైన ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, అసలే పెద్దవాళ్ల కన్నా పిల్లల పేగులు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి. మూడు నెలల్లోపు మళ్లీ పరీక్ష చేయించండి.

ప్రశ్న: కుంభకోణంలో కొన్న తగరపు చెంబులో చారు కాస్తాం. అందులో సీసం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అసలైన తగరమైతే భయం లేదు. సీసం తగరం కన్నా చాలా చవక, చూడ్డానికి దగ్గరగా ఉంటుంది, అందుకే కల్తీ. పైగా చారులో చింతపండు పులుపు సీసాన్ని బాగా లాగుతుంది. చూపుతో తేల్చలేం, ఎక్స్‌రేలతో లోహాన్ని గుర్తుపట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రమున్న ల్యాబ్‌లో చూపిస్తే పాత్ర పాడవకుండానే చెప్పేస్తారు. సైజుకు మించి బరువుగా ఉంటే మాత్రం అనుమానించండి. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న: 2020లో మా ఏలూరులో జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. సీసమే కారణమని అప్పుడు టీవీల్లో చెప్పారు. చివరికి ఏం తేలింది?
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఆ డిసెంబరులో వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని మొదట వార్త వచ్చింది, అదే జనానికి గుర్తుండిపోయింది. తర్వాత నిపుణుల నివేదికలు పురుగుమందుల అవశేషాలనే ప్రధాన కారణంగా చూపించాయి.

నాకు కూడా సీసం కథ అతకలేదు. సీసం నెమ్మదిగా, నెలల తరబడి పనిచేస్తుంది, ఎముకల్లో చేరి ఏళ్లపాటు కూర్చుంటుంది. ఊరి మీద ఒక్కసారిగా పడి, మూర్ఛ తెప్పించి, చాలామందిని ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపించే రకం కాదు. ఇంకా ఒక సంగతి, రక్తంలో సీసం కనిపించడమే రుజువైపోదు, వెతికితే చాలామందిలో కొంత దొరుకుతుంది. 2000 దాకా మన పెట్రోల్లో సీసం కలిసేది. ఇళ్లకు వేసే రంగుల్లో 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 చివర్లో గానీ అమల్లోకి రాలేదు. ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో 5 మైక్రోగ్రాముల పైన సీసం ఉందని యూనిసెఫ్ 2020లో అంచనా వేసింది, అందులో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే. ఏలూరు వార్త వారానికే చల్లబడింది, ఈ అంకె గురించి మాత్రం ఒక్క టీవీ చర్చ కూడా నేను చూడలేదు.

ప్రశ్న: పెన్సిల్ నమిలితే సీసం ఒంట్లోకి వెళ్తుందని మా టీచర్ భయపెట్టారు.
— ఏడో తరగతి విద్యార్థి, వరంగల్

జవాబు: లోపల నల్లగా ఉండేది గ్రాఫైట్, సీసం కాదు. పైన చెక్కకు వేసిన రంగు ఎలాంటిదో తెలియదు కాబట్టి నమలొద్దు. మీ చెల్లికి చెక్కబొమ్మలు కొంటే ఏటికొప్పాక వాటిలాగా చెట్ల నుంచి తీసిన రంగులు వేసినవి కొనమని ఇంట్లో చెప్పు.

ప్రశ్న: పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం సోలార్ ప్యానెళ్లలో సీసం ఉంటుందట. ఇన్ని చెప్పుకుని మళ్లీ దాన్నే కప్పు మీదికెక్కిస్తామా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంటుంది, బాగా పనిచేసే రకాల్లో సీసమే ఉంది. సిలికాన్ పైన ఈ పొరను కలిపితే ల్యాబ్‌లో 33 శాతం దాటిన సామర్థ్యం వస్తోంది, ఆక్స్‌ఫర్డ్ పీవీ లాంటి కంపెనీలు 2024లో అమ్మకాలూ మొదలుపెట్టాయి. పొర చాలా పలచన కాబట్టి చదరపు మీటరుకు సీసం ఒక గ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. కారు బ్యాటరీలో కిలోలకు కిలోలుంటుంది. పరిమాణం చూస్తే గొడవ చేయాల్సినంత లేదు.

అయితే ఇది నీళ్లలో కరిగే రూపంలోకి మారగలదు, ప్యానెల్ పగిలి వాన పడితే కారే అవకాశముంది. అందుకే పై గాజు, అంచుల సీలు గట్టిగా ఉండాలి, సీసాన్ని పట్టి ఉంచే పొరల మీద పరిశోధన కూడా నడుస్తోంది. ఈ గొడవ కొత్తదేం కాదు, ఇప్పుడున్న మామూలు సిలికాన్ ప్యానెళ్లలో తీగలు అతికించే టంకంలోనూ చాలావరకు కొద్దిగా సీసం ఉంటుంది. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను కూడా చేర్చారు. నా భయం ప్యానెల్ కప్పు మీదున్న పాతికేళ్ల గురించి కాదు, దించాక దాన్ని ఎవరు మోసుకుపోతారన్న దాని గురించి.

ప్రశ్న: మా ఆయన పాత బ్యాటరీలు కరిగించే యూనిట్లో చేస్తారు. తరచూ కడుపులో నొప్పి, మలబద్ధకం, నీరసం. గ్యాస్ అని మాత్రలు వేసుకుంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పేరు, ఊరు వేయొద్దు.

జవాబు: అమ్మా, గ్యాస్ మాత్రలు ఆపించి ముందు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మామూలు రక్తపరీక్షలో ఇది తెలియదు, బ్లడ్ లెడ్ అని విడిగా అడగాలి. మీరు రాసిన లక్షణాలన్నీ సీసంతో పనిచేసేవాళ్లలో చూసేవే, రక్తహీనత కూడా ఉండొచ్చు, ఇంకా ముదిరితే మణికట్టు వాలిపోతుంది. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఏం పని చేస్తారో మొదటే చెప్పాలి, చెప్పకపోతే ఏ డాక్టరుకైనా గ్యాస్ అనే తోస్తుంది.

పిల్లలకూ అదే రోజు చేయించండి, వాళ్లకేం లక్షణాలు లేకపోయినా సరే. మీ ఆయన బట్టలకు, జుట్టుకు, బండి సీటుకు పట్టిన పొడే ఇంట్లోకి వస్తుంది. పనిచేసే చోటే స్నానం చేసి బట్టలు మార్చుకుని రమ్మనండి. అక్కడ ఆ ఏర్పాటు లేకపోతే గుమ్మం బయటే మార్చుకోవాలి, పిల్లల్ని ఎత్తుకునేది ఆ తర్వాతే. ఆ బట్టలు దులపొద్దు, విడిగా తడిపి ఉతకండి. ఇల్లు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. పనిలో బీడీ, గుట్కా, టిఫిన్ ఏదైనా చేతులు, మూతి సబ్బుతో కడుక్కున్నాకే, నోటి ద్వారా పోయేది చాలా ఎక్కువ. మూతికి కట్టుకునే రుమాలు ఈ పొగకు అడ్డం కాదు. మీరు మళ్లీ గర్భం అనుకుంటుంటే మీకూ పరీక్ష అవసరం, ఎముకల్లో దాగిన సీసం ఆ సమయంలో బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది.

యజమాని గురించి. సీసం విషప్రభావం చట్టం గుర్తించిన వృత్తివ్యాధి, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే దాన్ని ఆ జాబితాలో చేర్చారు, అలాంటి కేసు చూసిన డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడే చూపించండి, వృత్తివ్యాధిగా రాయిస్తే జీతం నష్టానికి సాయం కూడా అడగొచ్చు. కార్డే లేదంటే, రిజిస్టరే లేదంటే ఆ యూనిట్ ఎలాంటిదో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంకో పని వెతుక్కోవడం ఎంత కష్టమో తెలియక చెప్పడం లేదు, అయినా రిపోర్టులో అంకె ఎక్కువొస్తే డాక్టరు మొదట చెప్పేది ఆ పని నుంచి తప్పించమనే, తప్పించకుండా మందు వేసినా లాభం ఉండదు. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, అంకెలు చూసి ఏం చేయాలో చెబుతాం, అప్పుడూ పేరు, ఊరు వేయం.